బోటు ఇంజను ఫీడ్ పంపు మీరే విప్పి రిపేర్ చేస్కోవడం ఎలా

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది, ఆ మర్నాటి నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. దాదాపు అందరూ అడిగేది ఒకటే. "అన్నా, ఇంజను స్టార్టవుతోంది, ఒక పది నిమిషాలు బాగానే తిరుగుతోంది, తర్వాత ఊపిరి అందనట్టు అయ్యి ఆగిపోతోంది, చేత్తో పంపు కొడితే మళ్ళీ అందుకుంటోంది, ఫీడ్ పంపు పోయిందంటావా?" ఫీడ్ పంపంటే ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఫిల్టర్‌కి తోసే చిన్న పంపు. ఫోన్లో చెప్తే సగమే గుర్తుంటుంది, చేతులకి డీజిల్ అంటుకున్నాక మళ్ళీ ఫోన్ తీసి అడగడం కుదరదు, అందుకే మొత్తం వరసగా రాసేస్తున్నా. జూన్ 14 దాకా టైముంది కదా, కంగారు పడకుండా ఒక పొద్దుట పూట కూర్చుని చేస్కోండి, ఎండెక్కాక ఇంజన్ రూమ్‌లో కూర్చోలేరు.

మీ పంపు ఏ రకమో ముందు చూస్కోండి

నేను చెప్పేది డయాఫ్రం పంపు గురించి, అంటే లోపల గుడ్డ మీద రబ్బరు ఉన్న పొర పైకీ కిందకీ ఆడే రకం. ఇంజను బ్లాకు పక్కన రెండు బోల్టులతో బిగించి ఉంటుంది, మధ్యలో రెండు గుండ్రటి అంచులు కలిసే చోట చుట్టూ చిన్న స్క్రూలు, కింద చేత్తో కొట్టడానికి చిన్న లివరు. పాత మెకానిక్‌లు దీన్నే ఏసీ పంపు అంటారు. పాత పర్కిన్స్ రకం ఇంజన్లకి, చెన్నై సింప్సన్ వాళ్ళ పీ4, పీ6 లాంటివాటికి ఉండేది ఈ బాపతే.

మీ ఫీడ్ పంపు బ్లాకుకి కాకుండా డీజిల్ పంపు (నాజిల్స్‌కి ప్రెషర్‌తో డీజిల్ కొట్టే పెద్ద పంపు) పక్కకే బిగించి ఉండి, పైన తిప్పి వదులు చేసి కొట్టే నాబ్ ఉంటే అది ప్లంజర్ రకం, మైకో పంపులకి వచ్చేది. దాని గురించి చివర్లో కొంచెం చెప్తాను. చుట్టూ స్క్రూలు లేకుండా రేకు మడిచి మూసేసిన పంపయితే అది విప్పేది కాదు, కొత్తది తెచ్చి పెట్టేయడమే, ఉలి పెట్టి ఊడదియ్యకండి. ఫైబర్ బోట్ల వెనక తగిలించే టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డు మోటార్లలో పంపు క్యామ్ (ఇంజనుతో పాటు తిరుగుతూ పంపు లివరుని నెట్టే ఎత్తు ముక్క) మీద కాదు, క్రాంక్‌కేసు ప్రెషర్ మీద కొట్టుకుంటుంది, దానికి ఇక్కడ చెప్పేది పనికిరాదు.

పెట్రోల్ ఇన్‌బోర్డు ఇంజను ఎవరికైనా ఉంటే ఒక్క మాట. దానికి కారు పంపు తెచ్చి పెట్టొద్దు. బోటుకి వచ్చే పెట్రోల్ పంపులో రెండు డయాఫ్రంలు ఉంటాయి, ఒకటి చిరిగినా పెట్రోల్ బయటికి కారకుండా పక్కనున్న సన్న గొట్టంలోకి వచ్చి కనపడుతుంది. ఇంజన్ రూమ్‌లో పెట్రోల్ ఆవిరి కింద పేరుకుని సెల్ఫ్ మోటార్ నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఆ పంపు రిపేర్ పెట్టుకోకండి, బోటు పంపే కొత్తది వేసేయండి.

పని చేసే పద్ధతి రెండు ముక్కల్లో: క్యామ్ లోపలి లివరుని (చేత్తో కొట్టే లివరు వేరు) నెడితే డయాఫ్రం కిందకి దిగి ట్యాంకు నుంచి డీజిల్ లాగుతుంది, లోపలి స్ప్రింగు డయాఫ్రాన్ని పైకి నెట్టి ఫిల్టర్‌కి తోస్తుంది. అంటే ప్రెషర్ ఇచ్చేది స్ప్రింగు, క్యామ్ కాదు. ఇంత తెలిస్తే చాలు.

పంపు మీద చెయ్యి వేసే ముందు

నా దగ్గరికి "పంపు పోయింది" అని తెచ్చినవాటిలో చాలా పంపులకి ఏ రోగమూ ఉండదు, రోగం ట్యాంకు దగ్గరో పైపు దగ్గరో ఉంటుంది. అందుకని ముందు ఇవి చూడండి.

మొట్టమొదట ఆయిల్ గేజు కడ్డీ తీయండి. ఇంకేం చూడకపోయినా ఇది చూడండి. డయాఫ్రం చిరిగితే డీజిల్ కొన్ని పంపుల్లో కింద చిన్న కన్నంలోంచి బయటికి కారుతుంది, అది అదృష్టం, కనపడుతుంది. ఆ కన్నం మట్టితో పెయింటుతో మూసుకుపోయినా, లోపలి సీలు పోయినా, డీజిల్ తిన్నగా ఇంజను ఛాంబర్‌లోకి (అడుగున ఆయిల్ ఉండే చోటికి) దిగుతుంది, బయటికి ఒక్క చుక్క కనపడదు. ఆయిల్ పొయ్యకుండానే లెవెల్ పెరిగిందంటే నమ్మండి, అది డీజిలే, లేదంటే నీళ్ళు. నీళ్ళయితే ఆయిల్ పాల టీ రంగులోకి మారుతుంది. డీజిలయితే కడ్డీ మీద నిలవకుండా నీళ్ళలా జారిపోతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన తెలిసిపోతుంది. అనుమానంగా ఉంటే పాత న్యూస్ పేపర్ మీద ఒక చుక్క వేసి పావుగంట ఆగండి, మధ్యలో నల్ల మచ్చ, చుట్టూ పల్చగా జిడ్డు వలయం వెడల్పుగా పాకితే డీజిల్ కలిసిందని లెక్క. పక్కన కొత్త ఆయిల్ చుక్క కూడా వేసి చూస్కుంటే తేడా బాగా తెలుస్తుంది.

కొన్నేళ్ళ కిందట ఒక ట్రాలర్ ఓనరు పిలిస్తే వెళ్ళాను. అంతకు నెల ముందే ఎక్కడో షెడ్డులో ఫీడ్ పంపు రిపేర్ చేయించాడు, వాళ్ళు డయాఫ్రం అంచుకి ప్యాకింగ్ పేస్టు పూసి బిగించారు. ఇంజను సౌండ్ మారిందని పిలిచాడు. కడ్డీ తీస్తే పై గీత దాటి బొటనవేలు వెడల్పు ఎక్కువ ఉంది. "ఆయిల్ బాగానే ఉంది కదన్నా, ఎక్కువే ఉంది" అన్నాడు పాపం, ఆయిల్ తగ్గితేనే ప్రమాదం అనుకున్నాడు. ఛాంబర్ విప్పితే అడుగున బేరింగుల లోహం వెండి పొడిలా మెరుస్తూ పేరుకుని ఉంది, వేలితో తీస్తే వేలి ముద్రల గీతల్లోకి దిగిపోయింది. క్రాంకు గీతలు పడిపోయింది. చేతిలో పట్టేంత డయాఫ్రం ముక్క, దానికి ఆ మనిషి సీజను మొత్తం పోగొట్టుకున్నాడు. అందుకే ఎవరు ఫోన్ చేసినా ముందు కడ్డీ గురించే అడుగుతాను.

లెవెల్ పెరిగి ఉంటే ఇంజను స్టార్ట్ చెయ్యకండి, టెస్టుకి కూడా వద్దు. బేరింగుల సంగతి అలా ఉంచండి, లెవెల్ బాగా ఎక్కువైతే ఇంజను ఆ ఆయిల్‌నే తాగి దానంతట అదే రేజ్ అయిపోతుంది, స్టాప్ లాగినా ఆగదు. అప్పుడు గాలి పోయే దారి పలకతో మూయడం తప్ప దారి లేదు, చెయ్యి అడ్డం పెట్టకండి.

ఆయిల్ బాగుంటే ట్యాంకు వైపు చూడండి. ట్యాంకు మూతకి, గాలి గొట్టానికి కన్నం మూసుకుపోయిందా? మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే అదే రోగం. వాటర్ సెపరేటర్ గిన్నెలో నీళ్ళు, చెత్త ఉన్నాయా? ట్యాంకు నుంచి పంపు దాకా రబ్బరు పైపు మడత దగ్గర పగిలిందా? ఈ దారంతా పీల్చే దారి కాబట్టి పగిలితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే "ఎక్కడా లీకేజీ లేదన్నా" అన్న మాటని నేను నమ్మను.

ఇంకొకటి గమనించండి. జెట్టీ దగ్గర గంట నడిచినా ఏమీ కాదు, మన విశాఖ ఔటర్ హార్బర్ దాటి డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక పడి అలల మీద ఊగడం మొదలవ్వగానే ఆగిపోతుంది, ఇలా అయితే పంపుని తిట్టకండి. ఊపుకి ట్యాంకు అడుగు మడ్డి లేచి పీల్చే గొట్టం మూతికి అడ్డం పడుతోంది. ట్యాంకు కడగండి.

అన్నిటికన్నా ఖాయమైన టెస్టు క్యాను టెస్టు. శుభ్రమైన డీజిల్ ఒక ఐదు లీటర్ల క్యానులో పోసి ఇంజను పక్కనే పంపు లెవెల్‌కి కొంచెం కిందగా పెట్టి, ట్యాంకు పైపు తీసేసి, కొత్త పైపు ముక్కతో పంపు ఇన్‌లెట్‌కి కలపండి. ఎయిర్ తీసి (ఎలాగో కింద రాశాను) స్టార్ట్ చేసి అరగంట నడపండి. బాగా నడిస్తే పంపు బాగుంది, రోగం వెనకాల ఉంది. ఇప్పుడూ ఆగిపోతే, ఫిల్టర్ కూడా మార్చినదే అయితే, అప్పుడు పంపు విప్పండి.

ఏమేం కావాలి

మీ పంపు నంబరుకి సరిపోయే రిపేర్ కిట్టు. డయాఫ్రం, రెండు వాల్వులు, వాటి ప్యాకింగులు, గాజు గిన్నె ఉంటే దాని కార్కు వాషరు, బ్లాకు ప్యాకింగు అందులో ఉండాలి. పాత డయాఫ్రం పట్టుకుని ఆటోనగర్ వెళ్ళండి, నోటితో చెప్పి తెచ్చుకోకండి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మధ్య కడ్డీ పొడుగు 2 ఎంఎం తేడా వచ్చినా పనికిరాదు. రబ్బరు వంచి చూడండి, మడత దగ్గర చీలికలు కనపడితే అది షాపులో ఏళ్ళ తరబడి ఉండిపోయిన సరుకు, వద్దనండి.

ఇంకా: రింగు పానాలు, పైపు నట్లకి ఓపెన్ పానాలు రెండు, మంచి మూతి ఉన్న స్క్రూడ్రైవరు, చిన్న ఉలి, సన్న పంచి, నోస్ ప్లయరు, సన్నటి ఆకురాయి. కొత్త కాపర్ వాషర్లు. లీటరు కిరోసిన్ లేదా డీజిల్, వెడల్పాటి పళ్ళెం, పళ్ళు తోముకునే బ్రష్, దారాలు ఊడని శుభ్రమైన గుడ్డలు, బనియన్ వేస్టు లోపలి భాగాలకి వాడొద్దు, పీచు వాల్వులో ఇరుక్కుంటుంది. మెడికల్ షాపులో దొరికే 50 ఎంఎల్ సిరంజి, దానికి పట్టే సన్న ప్లాస్టిక్ గొట్టం. అద్దం ముక్క ఒకటి, 400 నంబరు ఎమిరీ పేపరు. ఫోను, ప్రతి దశలో ఫోటో తీస్కోవడానికి.

బీడీ సిగరెట్లు, వెల్డింగు, పక్క బోటులో గ్రైండింగు అన్నీ అయ్యాకే మొదలుపెట్టండి. 2023 నవంబరు 19 రాత్రి మన హార్బర్‌లో పదుల బోట్లు కళ్ళ ముందే కాలిపోయాయి, ఇక్కడ బోటుకి బోటు ఆనుకుని ఉంటుంది, ఒక దాంట్లో నిప్పు ఒక దానితో ఆగదు. పక్కన మంటలార్పే సిలిండరో, కనీసం ఇసక బకెట్టో పెట్టుకోండి.

ఇప్పుడు పని

1. బ్యాటరీ మెయిన్ స్విచ్ తీసేయండి. ట్యాంకు కాక్ మూయండి. పంపు, చుట్టుపక్కల బ్లాకు డీజిల్‌తో బ్రష్‌తో కడిగి తుడవండి. ఇది బద్ధకంతో వదిలేస్తారు, పంపు తీయగానే చుట్టూ ఉన్న ఉప్పు, మట్టి ఆ కన్నంలోంచి తిన్నగా క్యామ్ మీద పడతాయి.

2. ఫోటో తీయండి, ఇన్‌లెట్ ఏది ఔట్‌లెట్ ఏది పెయింటుతో గుర్తు పెట్టండి. పైపు నట్టు విప్పేటప్పుడు రెండు పానాలు వాడండి, ఒకటి పంపు మీది యూనియన్ పట్టుకోడానికి, ఒకటి నట్టు తిప్పడానికి. ఒక్క పానాతో లాగితే యూనియన్ కూడా తిరిగి, పాత పంపు ఒళ్ళు మెత్తటి లోహం కాబట్టి మరలు లేచిపోతాయి.

3. చేతి లివరు కొట్టి చూడండి. గట్టిగా ఉంటే క్యామ్ దిగి ఉంది, తీయడం తేలిక. లూజుగా ఆడితే క్యామ్ పైన ఉండి ఉండొచ్చు, ఇంజను చేత్తో క్రాంకు ఒక పూర్తి చుట్టు తిప్పండి. క్రాంకు ఒక చుట్టు తిరిగితే క్యామ్ అరచుట్టే తిరుగుతుంది, కాబట్టి పైనున్న క్యామ్ కిందకి వస్తుంది.

4. రెండు బోల్టులు సమానంగా కొంచెం కొంచెం వదులు చేస్తూ తీయండి. కింద గిన్నె పెట్టండి, కొంచెం ఆయిల్ వస్తుంది. పంపుకి బ్లాకుకి మధ్య దళసరి ముక్క, ప్యాకింగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి పక్కన పెట్టండి. బ్లాకు కన్నం శుభ్రమైన గుడ్డతో మూసేయండి, గుడ్డ లోపలికి కూరకండి, మర్చిపోతారు.

5. పంపు పై భాగం కింది భాగం కలిసే అంచు మీద అడ్డంగా ఆకురాయితో ఒక చిన్న గాటు పెట్టండి. మళ్ళీ అదే గాటుకి గాటు కలవాలి, లేకపోతే పైపులు ఎదురుగా రావు.

6. చుట్టూ స్క్రూలు ఎదురెదురుగా విప్పండి. పై భాగం అంటుకుపోతే చెక్క పిడితో మెల్లగా తట్టండి, మధ్యలో స్క్రూడ్రైవరు దూర్చి లేపొద్దు, ఆ గీత దగ్గరే రేపు లీకు.

7. డయాఫ్రం తీయడం. చాలా పాత పంపుల్లో డయాఫ్రాన్ని అరచేత్తో కిందకి నొక్కి పావు చుట్టు తిప్పితే కొక్కెం ఊడి పైకి వచ్చేస్తుంది. కొన్నిట్లో కడ్డీ పక్కకి జరిపి తీయాలి, కొన్నిట్లో లివరు పిన్ను తీస్తే తప్ప రాదు. బలవంతం చేయకండి, టార్చి వేసి కొక్కెం ఎలా పట్టుకుందో చూసి తీయండి. కింద స్ప్రింగు, దాని కింద వాషరు, సీలు ఏ వరసలో ఉన్నాయో ఫోటో. ఆ స్ప్రింగుని సాగదీయడం, ఇంకో గట్టి స్ప్రింగు పెట్టడం అస్సలు చేయొద్దు, ముందే చెప్పాను, ప్రెషర్ అంతా దాని మీదే ఉంది. ఎక్కువైతే కొత్త డయాఫ్రం కూడా తొందరగా చిరుగుతుంది.

8. పాత డయాఫ్రాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. చిరుగు కనపడకపోయినా మధ్య రేకు అంచు చుట్టూ గుడ్డ పోగులు తేలి, నల్ల రబ్బరు రాలి, సూది మొనంత వెలుతురు కనపడుతుంటుంది. గట్టిపడి అప్పడంలా అయిపోయినా పోయినట్టే.

9. వాల్వులు. రెండూ ఒకే రకం, కానీ ఒకటి పైకి చూస్తుంది ఒకటి కిందకి చూస్తుంది. ఇక్కడే చాలామంది తిరగేసి పెడతారు, పెడితే పంపు ఎంత కొట్టినా డీజిల్ రాదు. తీసేముందు తప్పకుండా దగ్గరగా ఫోటో తీయండి. చుట్టూ పంచితో కొట్టిన చోట్లు ఉలితో మెల్లగా లేపి వాల్వు తీసి, గుంత కడిగి, కొత్త ప్యాకింగు, కొత్త వాల్వు పెట్టి మళ్ళీ నాలుగైదు చోట్ల పంచి వేయండి. తర్వాత సిరంజి గొట్టం ఇన్‌లెట్‌కి పెట్టి ఊదండి, గాలి పోవాలి, వెనక్కి లాగితే పిస్టన్ బిగుసుకుపోవాలి. ఔట్‌లెట్‌కి దీనికి సరిగ్గా ఎదురు. నోటితో పీల్చి చూడకండి, డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

10. అన్నీ కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టండి. అద్దం మీద ఎమిరీ పేపరు పరిచి, కొంచెం డీజిల్ చల్లి, పై భాగం అంచుని దాని మీద ఎనిమిది ఆకారంలో మెల్లగా తిప్పండి. నాలుగు చుట్లు తిప్పి తిరగేసి చూడండి, అంచు మొత్తం ఒకే మెరుపు వస్తే సమంగా ఉంది. స్క్రూ కన్నాల దగ్గర మాత్రమే మెరిసి మధ్యలో నల్లగా ఉంటే ఎవరో స్క్రూలు మితిమీరి బిగించి అంచు వంచేశారు. అంతా మెరిసేదాకా రుద్దండి. మన గాలికి ఉప్పు తిని తెల్లగా పొడి రాలుతున్న చోట లోతు గుంతలు ఉంటే మాత్రం ఆ పంపుని వదిలేయండి.

11. లివరు పిన్ను పట్టుకుని పక్కకి ఊపి చూడండి. బాగా ఆడితే, లివరు మొన క్యామ్ తగిలేచోట గుంత పడితే, డయాఫ్రం ఎంత కొత్తదైనా స్ట్రోకు తగ్గిపోతుంది. పిన్ను మార్చాలి, లేదా పంపే మార్చాలి.

12. కొత్త డయాఫ్రం పెట్టడం. సీలు, వాషరు, స్ప్రింగు వరసగా పెట్టి డయాఫ్రాన్ని నొక్కి తిప్పి కొక్కెం తగిలించండి, కన్నాలు స్క్రూ కన్నాలకి సరిగ్గా కలవాలి. షెలాక్, పేస్టు, గ్రీజు ఏదీ పూయొద్దు. అది పూస్తే రబ్బరు అంచు జారుతుంది, మిగిలిన ముక్కలు వాల్వులోకి పోతాయి. పొడిగా, లేదా డీజిల్ తడితో పెట్టండి, అంతే.

13. ఈ పాయింటు రెండుసార్లు చదవండి. పై భాగం గాటు కలిపి పెట్టి స్క్రూలన్నీ వేళ్ళతో మాత్రమే తిప్పి వదిలేయండి. ఇప్పుడు క్యామ్ తగిలే లివరుని చివరిదాకా నొక్కి డయాఫ్రాన్ని పూర్తిగా కిందకి లాగి, అలాగే పట్టుకుని ఉండగా, ఇంకో మనిషి స్క్రూలు ఎదురెదురుగా రెండు విడతల్లో బిగించాలి. లివరు వదిలేసి బిగిస్తే డయాఫ్రం పైన ఉండగానే అంచు గట్టిగా పట్టేస్తుంది, కిందకి దిగినప్పుడల్లా రబ్బరు సాగుతుంది, కొద్ది రోజుల్లోనే మధ్య రేకు చుట్టూ చిరుగుతుంది. "కొత్త కిట్టు వేశాం, నెల కూడా ఆగలేదు" అనే కంప్లయింట్లలో నేను విప్పి చూసినవి ఎక్కువ ఇలాగే ఉంటాయి, కిట్టు తప్పు కాదు. రబ్బరు బయటికి ఉబికేంత బిగించినా తప్పే.

14. ఇంజనుకి పెట్టేముందు బల్ల మీద టెస్టు. ఇన్‌లెట్ వేలితో మూసి లివరు ఐదారు సార్లు కొట్టండి, వేలు తీస్తే టప్ అని చప్పుడు రావాలి, వేలి చర్మం పీల్చినట్టు తెలియాలి. తర్వాత ఇన్‌లెట్‌కి గొట్టం పెట్టి డీజిల్ గ్లాసులో ముంచి కొట్టండి, ఔట్‌లెట్ నుంచి చిమ్మాలి. నిండుగా వస్తున్నప్పుడు ఔట్‌లెట్ మూసి రెండుసార్లు కొట్టి, అంచు చుట్టూ టిష్యూ పేపరు తిప్పండి. తడి కనపడకూడదు.

15. పంపు తిరిగి బ్లాకుకి. పాత ప్యాకింగు గీకి, అంత దళసరిదే కొత్తది వేయండి. పాత ప్యాకింగు మీద కొత్తది వేస్తే పంపు దూరం జరిగి స్ట్రోకు తగ్గుతుంది, దళసరి ముక్క మర్చిపోతే లివరు మితిమీరి నొక్కుకుని విరుగుతుంది. లివరు మొనకి కొంచెం ఇంజనాయిల్ రాసి, క్యామ్ మీద సరిగ్గా కూర్చుందో చూస్కుంటూ తోయండి. చేత్తో తోస్తే స్ప్రింగులా మెత్తగా ఎదురు తిరగాలి. ఇనప ముక్కకి ఇనుము కొట్టుకున్నట్టు ఆగిపోతే మొన క్యామ్‌కి తప్పు వైపు పడింది, తీసి మళ్ళీ పెట్టండి, బోల్టులతో లాక్కోకండి. అలా లాగితే విరిగిన మొన ఛాంబర్‌లో పడుతుంది.

16. పైపులు ముందు చేత్తో నాలుగు మరలు ఎక్కించి తర్వాత పానా. పాత కాపర్ వాషర్లు మళ్ళీ వాడొద్దు. డీజిల్ కింద కారినదంతా తుడిచేయండి.

ఎయిర్ తీయడం

ట్యాంకు కాక్ తెరిచి, ఫిల్టర్ పైన ఎయిర్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, బుడగలు పోయి నిండు డీజిల్ వచ్చేదాకా లివరు కొట్టండి. కొడుతుండగానే స్క్రూ బిగించాలి. తర్వాత డీజిల్ పంపు మీది ఎయిర్ స్క్రూకి కూడా ఇలాగే. బ్యాటరీ స్విచ్ వేసి సెల్ఫ్ కొట్టండి, ఇంకా అందుకోకపోతే రెండు నాజిల్ నట్లు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ రాగానే బిగించండి. ఆ దగ్గర మొహం, వేళ్ళు పెట్టకండి. నాజిల్ ప్రెషర్ డీజిల్‌ని చర్మం లోపలికి దించేస్తుంది, పైకి దోమ కుట్టినంతే కనపడుతుంది, గంటల్లో చెయ్యి పాడవుతుంది. అలా జరిగితే ఇంట్లో పసుపు పెట్టుకుని కూర్చోకుండా వెంటనే కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి), దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్ళి డీజిల్ లోపలికి పోయిందని గట్టిగా చెప్పండి.

ఇక్కడ ఒకటి అందరూ కంగారు పడతారు. ఎయిర్ అంతా పోయి స్క్రూలు మూశాక లివరు కొడితే ఉన్నట్టుండి లూజు అయిపోతుంది. "అన్నా, కొత్త డయాఫ్రం కూడా పోయింది" అని ఫోన్. పోలేదండి, పంపు ముందున్న లైనంతా నిండిపోయి డయాఫ్రం కిందే ఆగి ఉంది, అది పంపు బాగున్నదానికి గుర్తు. ఎయిర్ స్క్రూ వదులు చేసి కొట్టినా లూజుగానే ఉంటే క్యామ్ పైన ఉంది, క్రాంకు ఒక చుట్టు తిప్పండి. తిప్పినా అలాగే ఉంటే అప్పుడు కొక్కెం సరిగ్గా తగల్లేదేమో చూడాలి.

సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుస్తుంది

ఔట్‌లెట్ పైపు తీసి సీసాలో పెట్టి, స్టాప్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. క్రాంకు రెండు చుట్లకి ఒకసారి చొప్పున గట్టిగా చిమ్మాలి, కారినట్టు రాకూడదు. ప్రెషర్ గేజు దొరికితే ఇంకా మంచిది, ఈ రకం ఫీడ్ పంపులకి మామూలుగా 5 నుంచి 8 పీఎస్‌ఐ దగ్గర్లో ఉంటుంది, మీ ఇంజను పుస్తకంలో ఉన్న అంకె ఉంటే దాన్నే పట్టుకోండి. ఇంజను ఆపాక గేజు ముల్లు ఒక్కసారిగా పడిపోతే వాల్వు పట్టట్లేదు.

ఇంజను నడిపే ముందు కడ్డీ తుడిచి లెవెల్ దగ్గర ఫోటో తీయండి. జెట్టీకి కట్టి ఉండగానే గంటసేపు, చివర్లో కొంచెం లోడు ఇచ్చి నడపండి. పంపు కింది చిన్న కన్నం తెరిచే ఉందా, పొడిగా ఉందా చూడండి, సన్న తీగతో శుభ్రం చేస్తే మంచిది, పెయింటు మాత్రం వేయకండి. ఆపి చల్లారాక మళ్ళీ కడ్డీ, మర్నాడు పొద్దున్న మళ్ళీ కడ్డీ. ఫోటోతో పోల్చండి. ముందు డీజిల్ దిగిన ఇంజనయితే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాకే ఈ టెస్టు, పాత ఆయిల్ వడగట్టి పోసుకోవడం లాంటివి చేయొద్దు.

నడి సముద్రంలో పోతే

ట్యాంకు వైపు రోగమయితే క్యాను నుంచి పంపుకి పెట్టుకుని రావచ్చు. డయాఫ్రం చిరిగితే అలా కాదు, పంపుని పూర్తిగా పక్కన పెట్టాలి. శుభ్రంగా కడిగిన క్యానుని ఇంజను కన్నా ఎత్తున గట్టిగా కట్టి, గొట్టం తిన్నగా ఫిల్టర్ ఇన్‌లెట్‌కి కలిపి, ఎయిర్ తీసి, తక్కువ స్పీడులో రండి. గొట్టానికి క్లిప్పు వేయాలి, వేడి సైలెన్సర్ పైపు మీద పడకూడదు, ఒక కలాసీ క్యాను దగ్గరే ఉండాలి. ఈ పద్ధతి పనిచెయ్యాలంటే సరిపడా గొట్టం, క్లిప్పులు బోటులో ముందే ఉండాలి. ఆయిల్ లెవెల్ పెరిగి ఉంటే ఇంజను తిప్పొద్దు, లంగరు పడే లోతయితే లంగరు వేసి వీహెచ్‌ఎఫ్ రేడియో ఛానల్ 16లో, సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డు 1554కి చెప్పండి.

కొంతమంది ఎలక్ట్రిక్ పంపు పెట్టేయొచ్చా అంటారు. పెట్టొచ్చు, బోటు 12 వోల్టులా 24 వోల్టులా చూసి, ప్రెషర్ తక్కువ ఇచ్చేది, ఇంజను ఆగగానే కరెంటు పోయేలా వైరింగు చేసి పెట్టాలి. పాత పంపుని లైనులో వదిలేసి ముందు ఎలక్ట్రిక్‌ది తగిలిస్తే మాత్రం, పాత డయాఫ్రం చిరిగిన రోజు ఆ ఎలక్ట్రిక్ పంపే డీజిల్‌ని ఛాంబర్‌లోకి తోసేస్తుంది. పాతది తీసి ఆ కన్నానికి ప్లేటు వేయండి.

మైకో రకం ఫీడ్ పంపు వాళ్ళకి

ఇందులో డయాఫ్రం ఉండదు, చిన్న పిస్టన్, స్ప్రింగు, రెండు వాల్వులు ఉంటాయి. ఎక్కువగా వచ్చే రోగాలు మూడు. ఇన్‌లెట్ బోల్టు లోపలో, కింది గిన్నెలోనో ఉండే జాలీ మూసుకుపోవడం, దాన్ని తీసి కడిగితే సరిపోతుంది. వాల్వు కింద చెత్త పడటం, మూత విప్పి వాల్వు, స్ప్రింగు తీసి కడిగి, కూర్చునే చోట గీతలు లేకపోతే మళ్ళీ పెట్టేయండి. మూడోది చేత్తో కొట్టే నాబ్ రింగు అరిగి గాలి పీల్చడం. కొట్టడం అయ్యాక నాబ్ పూర్తిగా తిప్పి బిగించారో లేదో చూడండి, సగం బిగించి వదిలేసినా గాలి పడుతుంది. రింగు పోతే ప్రైమర్ అసెంబ్లీ (చేత్తో కొట్టే భాగం) మొత్తం విడిగా దొరుకుతుంది. పిస్టన్ కడ్డీ దగ్గర అరిగితే డీజిల్ కారి పెద్ద డీజిల్ పంపు క్యామ్ బాక్సులోకి దిగుతుంది, కొన్ని ఇంజన్లలో ఆ ఆయిలు, ఇంజను ఆయిలు ఒకటే, కాబట్టి వీళ్ళు కూడా కడ్డీ చూడాల్సిందే. ఆ అరుగుదల ఇంట్లో సరిచేసేది కాదు, పంపు మార్చుకోండి.

రిపేర్ అయ్యాక పంపు మీద తెల్ల పెయింటుతో తేదీ రాయండి, కింది కన్నం మీద పడకుండా. పాత డయాఫ్రం బాగుండి మార్చినదైతే పారెయ్యకుండా కిట్టు ప్యాకెట్టులోనే పెట్టి టూల్ బాక్సులో ఉంచండి, కొత్త కిట్టు ఇంకోటి కూడా. జూన్ 15న గంగమ్మకి పూజ చేసి బయల్దేరే ముందు ఆ పొద్దున్న కడ్డీ ఇంకొక్కసారి తీసి చూస్కోండి.